పిండికట్టు మూటతో ఆళ్లగడ్డకు

మా మాజీ సైనికుల సంఘం వాళ్లు ఏటా వేసే పుస్తకానికి ఈ ప్రయాణం గురించి రాయమని నన్ను అడిగారు. నాకు రాయడం రాదన్నాను. "వచ్చినట్టు రాయమ్మా, ఎనక పోయేవాళ్లకు దారి తెలిస్తే సాలు" అన్నారు. నేను అయిదో తరగతి వరకే చదివాను. గిద్దలూరులో జాకెట్లు కుట్టుకుంటాను. చదివేటప్పుడు ఎక్కడైనా తప్పు కనిపిస్తే మీరే దిద్దుకోండి.

మా నాయన పేరు చెన్నయ్య. ఊర్లో మిలిట్రీ చెన్నయ్య అంటేనే తెలుస్తుంది. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన కుడికాలికి, మోకాలి కింద, బాంబు తునక తగిలి ఎముక విరిగింది. ఒక బడిలో పెట్టిన మిలిట్రీ ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి, పిండికట్టు వేసి, రైలెక్కించి పెద్దాస్పత్రికి పంపించారు. కాలు నిలబడింది. ఇప్పటికీ ఆ కాలితోనే చేను గట్ల మీద తిరుగుతాడు.

ఆ బడి ఆస్పత్రిలో అందరూ హిందీ, ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఒక్క డాక్టరు మాత్రం మన తెలుగులో పలకరించాడని, ఆయనది నంద్యాల పక్క అని నాయన మా చిన్నప్పటి నుంచి చెప్తూనే ఉన్నాడు. పేరు మాత్రం తెలియదు. కాలు కాపాడింది ఆయనే అని నాయన నమ్మకం. పిండికట్టు మీద ఆ డాక్టరు పెన్సిల్‌తో ఏదో రాసి, బొమ్మ గీశాడట. పెద్దాస్పత్రిలో కట్టు కోసి తీసేటప్పుడు ఆ రాత ఉన్న ముక్కను నాయన అడిగి తెచ్చుకున్నాడు. అది మా ఇంట్లో దేవుడి గూట్లో ఉండేది. ఆయుధపూజ నాడు కొడవలికి, గొడ్డలికి, నా కుట్టుమిషనుకు పెట్టినట్టే దానికీ పసుపు, కుంకుమ పెట్టేవాళ్లం. ఏటా ఒకదాని మీద ఒకటి పెట్టి పెట్టి, రాత కనపడకుండా పసుపు పెచ్చు కట్టింది.

ఈ మధ్య సంఘం ఆఫీసులో ఒక మాట తెలిసింది. ఆళ్లగడ్డలో ఒక పాత మిలిట్రీ డాక్టరు గారు ఉన్నారని, యుద్ధంలో ఆయన పనిచేసినప్పటి కాగితాలను నంద్యాలలో ఆయన కూతురు సర్దుతున్నారని, వాటిని ఒక కాలేజీ లైబ్రరీకి ఇస్తున్నారని చెప్పారు. ఆయన పనిచేసిన ఆస్పత్రిలో ఉన్న సిపాయిలు ఎవరైనా ఉంటే వచ్చి చూడొచ్చన్నారు. ఆస్పత్రి పెట్టిన ఊరి పేరు చెప్పగానే నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆయన పోకముందే, నేను పోకముందే, ఒక దండం పెట్టుకోవల్ల" అన్నాడు.

ఆ అమ్మగారికి ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నారు. అది కార్తీక సోమవారం అని మాకు టికెట్ కౌంటరు దగ్గరకు పోయేదాకా గుర్తు రాలేదు. మీరు పోయేటట్టయితే ఆ రోజు వద్దు. మహానందికి పోయే జనంతో రైలు నిండిపోతుంది.

బయల్దేరే రోజు పొద్దున్నే నేనొక పని చేశాను. అంత పెద్ద డాక్టరు ఇంటికి ఆ ముక్కను అట్లా పెచ్చులతో తీసుకుపోవాలంటే నాకు సిగ్గనిపించింది. నాయన స్నానం చేస్తున్నప్పుడు తడిగుడ్డతో తుడిచాను. పసుపు పోయింది. దానితో పాటు కింద నుంచి ఊదారంగు పైకి వచ్చి, గుడ్డకంతా అంటుకుంది. ముక్క మీద రాత ఉండాల్సిన చోట ఒక మరక మిగిలింది. బొమ్మ గీతలు కొంచెం తెలుస్తున్నాయి. అక్షరాలు అలికినట్టు అయిపోయాయి.

నాయన వచ్చి చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడేం జూపియ్యల్ల ఆయనకు? నేను ఎవడో అనుకుంటాడు" అన్నాడు. తర్వాత ముక్కను తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. సంచి నా చేతికి ఇవ్వలేదు.

ఏడు దాటాక ప్యాసింజరు వచ్చింది. ఇద్దరికీ కలిపి టికెట్ నూరు లోపే. టైము ఈ మధ్య మారుతోంది, స్టేషన్లో అడిగి పోండి. సీటు దొరకలేదు. దిగువమెట్టలో కొందరు దిగాక నాయనకు కిటికీ పక్కన చోటు దొరికింది. అక్కడే సీతాఫలాల గంపతో ఒకామె ఎక్కింది. గంపను మా కాళ్ల మధ్య పెట్టి, దాని మీదే కూర్చున్నంత పని చేసింది. కొంచెం సేపటికి నాయన ఒళ్లోని సంచి వైపు చూసింది.

"ఏంది పెద్దాయనా, చంటిబిడ్డ మాదిరి పట్టుకోనుండావు? అందులో ఏముండాది?"

"నా కాలు" అన్నాడు నాయన.

ఆమె వంగి ఆయన రెండు కాళ్లనూ చూసింది. "మరి ఈ రెండూ ఎవురివి?"

పెట్టెలో వాళ్లంతా నవ్వారు. నాయన కూడా నవ్వాడు గానీ నా వైపు తిరగలేదు. ఆమెకు విషయం చెప్పాను. ఆమె గంపలోంచి రెండు మాగిన కాయలు తీసి, దుడ్లు వద్దని, "ఒకటి డాక్టరుకు ఇయ్యి" అని నా కొంగులో వేసింది. కొండను తొలిచిన బొగద లోపలికి రైలు పోయింది. చీకటైంది. వెలుతురు వచ్చేటప్పటికి అడివి రెండు పక్కలా పచ్చగా ఉంది. చలమ దాటాక రైలు బాగా నిదానంగా పోతుంది. ఆ కొండలు చూడాలంటే ఎడమ పక్క కూర్చోండి. గాజులపల్లెలో మహానంది జనం దిగిపోయారు, పెట్టె ఖాళీ అయింది.

నంద్యాలలో దిగేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్ బయట ఒక బండి దగ్గర ఉగ్గాని, బజ్జి తిన్నాము. నాయన బజ్జి ముట్టలేదు. సాయిబు ఒకాయన ఆటో తెచ్చాడు. అడ్రసు చెబితే, "ఆ టీచరమ్మ ఇల్లా? మా పిల్లలకు సదువు చెప్పిన తల్లి. ఎక్కు జేజినాయనా" అని ఇంటి గేటు ముందరే దింపాడు.

డాక్టరు గారి కూతురు పేరు సరళమ్మ. బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. మేడ మీద గదిలో మంచం నిండా కాగితాలు పరిచి పెట్టారు. ఆస్పత్రి ముందర తీసిన ఫోటో ఒకటి ఉంది. బడి వరండాలో బల్లలు, తాడుకు ఆరేసిన గుడ్డపట్టీలు. నాయన ఆ ఫోటోను చానాసేపు పట్టుకున్నాడు.

"ఈ వరండానే. ఈడనే పండబెట్టిండ్రి" అన్నాడు.

ఇంటికి రాసిన జాబులు, పోస్టింగు కాగితాలు, మెడల్ వచ్చినప్పటి పత్రం వరుసగా ఉన్నాయి. లైబ్రరీ వాళ్లు వాటన్నిటికీ కవర్లు వేసి ఉంచారు. మంచం చివర ఒక కట్ట మాత్రం పురికొస కట్టి పక్కన పడి ఉంది. ఒక్కో కాగితం మీద గళ్లు, గళ్లలో చుక్కలు. చుక్క తర్వాత చుక్క, కిందికీ మీదికీ. పేర్లు లేవు.

"ఇవి ఏందో నాకు తెలీదు పెద్దాయనా. లైబ్రరీ వాళ్లు గూడ పేర్లు లేనివి ఏం జేసుకుంటామన్నారు. మా నాయన ఏనాడూ యుద్ధం మాట ఇంట్లో ఎత్తిన మనిషి గాదు. ఆళ్లగడ్డలో సూదులు, మాత్రలు ఇచ్చే డాక్టరుగానే మాకు తెలుసు" అన్నారు సరళమ్మ.

తర్వాత తువ్వాల విప్పి ముక్క చూపించాము. ఆమె కళ్లజోడు పెట్టుకొని దగ్గరికి తీసుకున్నారు. "ఏం రాసిండారో చదివేకి రావడం లేదే" అన్నారు. నాయన నా వైపు ఒకసారి చూశాడు. నేను తల దించుకున్నాను.

"పోయి రాండి. ఆయనకు కుడిచెవి వినపడదు, ఎడమ పక్క కూర్చోండి. ఈ చుక్కల కాగితాలు గూడ తీసకపోయి అడగండమ్మా, ఉంచేదా పారేసేదా అని. రాత్రికి ఈడనే పండుకుందురు, లాడ్జీలు ఎందుకు" అని ఆ కట్ట నాకిచ్చారు.

పదకొండు ప్రాంతంలో నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కాము. అరగంటకొక బస్సు ఉంటుంది. ఆధార్ చూపిస్తే నాకు టికెట్ లేదు. నాయన దగ్గర కండక్టరు దుడ్లు తీసుకున్నాడు.

"దేశం కోసం కాలిచ్చినోడికి టికెట్టు, ఇంట్లో కూర్చున్నదానికి ఫ్రీ" అన్నాడు నాయన.

"కాలు ఇచ్చినావా? రెండూ ఉండాయే!" అన్నాడు కండక్టరు.

"ఇచ్చి తిరిగి తెచ్చుకున్యా."

పొద్దున్నుంచి ఆయన నన్ను కలుపుకొని అన్న మాట ఆ 'ఫ్రీ' మాట ఒక్కటే. ఎగతాళి అయినా నాకు ప్రాణం లేచి వచ్చింది. శిరివెళ్ల మెట్ట దగ్గర బస్సు కొంచెం ఆగింది. రోడ్డు పక్క చేలల్లో వరి పాలు పోసుకుంటోంది. నాయన కిటికీలోంచి చూస్తూ తనలో తాను ఏదో చెప్పుకుంటున్నాడు. డాక్టరు ముందు అనాల్సిన మాటలను ఆయన సరిచూసుకుంటున్నాడని నాకు తెలుసు. ఒక చోట ఆగి, "పాపా, నమ్ముతాడంటావా?" అని అడిగాడు. నమ్ముతాడని చెప్పాను. నాకూ నమ్మకం లేదు.

ఆళ్లగడ్డలో దిగగానే ఉలి చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు పక్కన శిల్పాల షెడ్లు. చేతులు పూర్తికాని దేవుళ్లు, ముక్కు చెక్కాల్సిన నాయకులు వరుసగా నిలబడి ఉంటారు. దుమ్ముతో తెల్లగా ఉన్న ఒకాయనను మిలిట్రీ డాక్టరు గారి ఇల్లు అడిగాను.

"సూది డాక్టరా? ఆ సందులో చివరిల్లు. ఆయన సూది ఏస్తే ఏసినట్టే తెలీదు. చిన్నప్పుడు నేను ఏడ్సకుండా ఏయించుకునింది ఆయన దగ్గరే" అన్నాడు.

ఇల్లు పాతది. ముందు గదిలో ఇప్పటికీ రోగులు కూర్చునే బల్ల ఉంది. డాక్టరు గారు మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి. ఎనభై దాటాయి. చేతివేళ్లు మాత్రం పొడవుగా, గట్టిగా ఉన్నాయి. నాయన గడపలోనే నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. దారిపొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ బయటకు రాలేదు.

"సాలు, సాలు. కూర్చో అప్పా. నువ్వు నిలబడితే నేనూ లేసి నిలబడవల్ల, నాకు మోకాళ్లు లేవు" అన్నారు ఆయన.

నాయన ఎడమ పక్క కూర్చున్నాడు. తువ్వాల విప్పి ముక్కను రెండు చేతులతో అందించాడు. డాక్టరు గారు దాన్ని వెలుతురుకు తిప్పారు.

"దీన్ని నేనే తడిపినా సార్, తెలీక" అన్నాను. మా ఇద్దరిలో మొదట మాట్లాడింది నేనే.

ఆయన నవ్వారు. "తడవనీలేమ్మా. తడిపితేనే రంగు తేలే పెన్సిల్ అది. మేము నాలుకకు అద్దుకొని రాస్తాంటిమి. ఆ నెలంతా మా నాలుకలు ఊదారంగే. ఇదో, ఇది ఎముక. ఇదో, విరిగింది ఈడ. ఈ గీత ఏటవాలుగా పోయింది సూడు. తునక ఈ పక్క నుంచి తగిలింది."

నాయన వంగి చూశాడు. యాభై ఏళ్లు పూజ చేసిన బొమ్మలో ఏముందో ఆయనకు తెలిసింది ఆ నిమిషంలోనే. ముఖం వెలిగిపోయింది. తన కుడికాలి మీద వేలు పెట్టి, "ఈడనే సార్, ఈడనే" అన్నాడు.

"కానీ ఇది నా రాత గాదప్పా" అన్నారు డాక్టరు గారు.

నాయన వేలు అక్కడే ఆగిపోయింది.

"కేరళ మేజరు ఒకాయన ఉండె. కోసింది ఆయన, కట్టు ఏసింది ఆయన. రైలు దిగినాక ఆడుండే డాక్టరు కట్టు ఇప్పకుండానే లోపలి సంగతి తెలుసుకునేకి మేజరే ఇట్ల బొమ్మ గీస్తాండె. మంచి చెయ్యి. ఆయన పోయి చానా ఏండ్లయింది."

"మరి మీరు సార్?"

"నేను మత్తు డాక్టరును. నిద్రపుచ్చేది, లేపేది. మిలిట్రీ నుంచి వచ్చినాక ఈడ మత్తుతో పనేముండాది? సూదులేసుకుంటా బతికినా" అన్నారు. ఎండ గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పారు. "కోసినాయన అందరికీ గుర్తుంటాడు. నిద్రపుచ్చినోడు ఎవనికి గుర్తుంటాడప్పా, వాడు నిద్రపోతాండె గదా."

నాయన ముక్కను మళ్లీ తువ్వాలలో చుట్టడం మొదలుపెట్టాడు. అంత దూరం వచ్చాక, దండం పెట్టాల్సిన మనిషి ఎప్పుడో పోయాడని తెలిసింది. నేను సరళమ్మ ఇచ్చిన కట్ట తీసి ఆయన ముందు పెట్టాను. ఉంచమంటారా, పారేయమంటారా అని అమ్మగారు అడగమన్నారని చెప్పాను.

"పారేయమను. పేర్లు లేనివి ఎవరికి గావల్ల" అన్నారు గానీ, పురికొస విప్పి ఒక కాగితం ఒళ్లో పెట్టుకున్నారు. "ఒక కాగితం ఒక మనిషి. ఒక్కో చుక్క నాడి. ఒక చెయ్యి దవడ కింద, ఇంకో చెయ్యితో నాడి సూసి చుక్క పెట్టేది."

"దవడ కింద ఎందుకు సార్?" అని అడిగాను.

"మత్తులో నాలుక ఎనక్కి పడతాదమ్మా. ఊపిరి ఆడదు. దవడ ఎత్తి పట్టుకోవల్ల, ఇట్ల." తన దవడ వెనక, చెవి కింద వేళ్లు పెట్టి చూపించారు. "కోత అయ్యేదాకా వదిలేకి లేదు. గంటైనా, మూడు గంటలైనా. వేళ్లు మొద్దుబారిపోతాండె."

నాయన చుట్టడం ఆపాడు. చానాసేపు ఆయన వేళ్ల వైపే చూశాడు.

"సార్. అట్ల నాకొకసారి పట్టి చూపిస్తారా?"

డాక్టరు గారు ఆశ్చర్యంగా చూసి, కొంచెం ముందుకు జరిగి, నాయన దవడ వెనక వేళ్లు ఆనించి పైకి ఎత్తారు. నాయన కళ్లు మూసుకున్నాడు.

"లేసినాక నాకు కాలు నొప్పి తెలీలేదు సార్. దవడ నొప్పి. రెండు పక్కలా, ఈడ, మీరు పెట్టిన తావునే. ముద్ద నమల్లేకపోయినా. నిద్రలో నన్నెవడో కొట్టినాడనుకున్యా. ఇన్నేండ్లూ అదే అనుకుంటాండా."

డాక్టరు గారు చేతులు తీయకుండానే నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆ ఇంట్లో వంట చేసే ఆమె నీళ్లు తెచ్చింది.

"కొట్టినోణ్ణి నేనే అప్పా" అన్నారు.

"నిద్రపోయే ముందర మీరు అడిగినారు సార్, 'మీ పక్క వానలు పడినాయా?' అని."

"అందర్నీ అదే అడుగుతాంటి. పంజాబువాణ్ణి, తమిళం వాణ్ణి, వచ్చీరాని భాషలో. అందరూ సేద్యగాళ్ల బిడ్డలే. వాన మాట ఎత్తితే భయం మర్సిపోతారు. ఊపిరి నిదానంగా తీస్తారు, మత్తు బాగా పడతాది."

"కట్టు ఏసినాయన మొగం నేను సూడనేలేదు సార్. ఆయన పుణ్యాత్ముడు, ఆయనకూ దండమే. కానీ నేను దండం పెట్టింది వాన సంగతి అడిగినాయనకు. రాత ఆయనదనుకోని పసుపు పెట్టినాం, అంతే. నేను ఎతుక్కుంటా వచ్చింది మిమ్మల్నే."

నాయన అంత పొడుగు మాట ఒక్కసారి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. లేచి ఆయన పాదాలకు వంగబోతే డాక్టరు గారు భుజం పట్టుకుని ఆపారు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నడువు" అన్నారు.

"సార్?"

"నడిసి సూపియప్పా. ఆ వాకిలి దాకా పోయి రా."

నాయన పోయి వచ్చాడు. "పంచె ఎత్తి" అన్నారు. పంచె మోకాలి పైకి ఎత్తి మళ్లీ నడిచాడు. డాక్టరు గారు ముందుకు వంగి పాదం పడే తీరును చూస్తూ కూర్చున్నారు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి నడిచాడు. వంటామె తలుపు దగ్గర నిలబడిపోయింది.

"రైలెక్కించేవాళ్లం. ఆ తర్వాత ఎవరేమైనారో మాకెవరూ చెప్పలేదు. చుక్కలు ఆడ ఆగిపోతాయి గదా, వాడు లేసినాడా, నడిసినాడా, పెండ్లి చేసుకున్యాడా..." అన్నారు. తర్వాత నన్ను చూసి, "బిడ్డవా?" అని అడిగారు. అవునన్నాను. "బాగుంది" అన్నారు.

అన్నం పెట్టారు. రాగిసంగటి, వేరుశనగ పప్పు ఊరిబిండి, పెరుగు. సీతాఫలం ఇస్తే ఎవరిచ్చారో అడిగి తిన్నారు. నాయన ఈసారి కడుపునిండా తిన్నాడు. చేయి కడుక్కున్నాక కట్ట దగ్గర కూర్చుని కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు.

"ఇందులో నాది ఏది సార్?"

"తెలీదప్పా. ఉండొచ్చు, లేకపోవచ్చు. మంచం నెంబర్లు గూడ చెరిగిపోయినాయి."

"అయితే అన్నీ ఉంచమనండి. ఏదో ఒకటి నాదే అయ్యుంటాది."

డాక్టరు గారు కాగితాలన్నీ పేర్చి పురికొస కట్టారు. ఆ తర్వాత నాతో, "పారేయొద్దని చెప్పమ్మా సరళకు. ఈ చుక్కలు ఏందో నేను ఫోన్లో చెప్తా, రాసుకోమను. ఈ పిండికట్టు గూడ ఈటితో పెట్టమను, మేజరు గారి చేతిరాత యాడా మిగల్లేదు" అన్నారు.

నాయన తటపటాయించాడు. "ఇంట్లో పూజకు సార్..."

"కాలుండాది గదా తిక్కోడా, దానికి పెట్టుకో పసుపు."

నాలుగింటికి తిరుగు బస్సు ఎక్కాము. నంద్యాలలో సరళమ్మ ఇంట్లోనే పడుకున్నాము. ఆమె వాళ్ల నాయనకు ఫోన్ చేసి, ఆయన చెప్పినవన్నీ రాసుకున్నారు. చుక్కల కాగితాలకు లైబ్రరీ వాళ్లు మిగల్చిన కవర్లు తీసి తనే వేశారు. పిండికట్టు ముక్కను దూదిలో పెట్టి ఒక అట్టపెట్టెలో సర్దారు. "మా నాయన నాతో ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదలమ్మా" అన్నారు. పొద్దున మేము వచ్చేటప్పుడు నాకు చీర పెట్టారు. వద్దన్నా వినలేదు.

పొద్దున రైల్లో సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నాయనను, నంద్యాలలో ఎవరున్నారని అడిగాడు.

"మా డాక్టరు ఉండాడు, ఆళ్లగడ్డలో."

"ఏం జబ్బు?"

"జబ్బేం లేదు. నేను ఆయన్ను సూసేకి పోయింటి. ఆయన నన్ను సూసినాడు" అన్నాడు నాయన. ఆ తర్వాత గాజులపల్లె రాకముందే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. బొగద చప్పుడుకు కూడా లేవలేదు. ఎదురు సీటు ఆయన ఏదో మాట్లాడబోతే నేను వేలు అడ్డం పెట్టాను. గిద్దలూరు ప్లాట్‌ఫారం కనిపించేదాకా లేపలేదు.

మీలో ఎవరైనా ఆ ఆస్పత్రిలో పడుకున్నవాళ్లుంటే, వాళ్ల పిల్లలుంటే, ఒకసారి ఆళ్లగడ్డ పోండి. శిల్పాల షెడ్ల దగ్గర సూది డాక్టరు అని అడగండి. మధ్యాహ్నం పూట ఆయన మెలకువగా ఉంటారు. ఎడమ పక్క కూర్చోండి. చూపించడానికి రాత లేదని, కాగితం లేదని ఆగిపోవద్దు. ఆయన అడిగితే వాకిలి దాకా నడిచి రండి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.